గోనె పాలైన ముసుగువీరుడు

అవతారిక

ఓరుగల్లుకు వ్యాఖ్యానాలు కొత్త కాదు. ప్రతాపరుద్రుడి కొలువులో విద్యానాథుడు అలంకారశాస్త్రం రాసి, ఉదాహరణ కావలసిన ప్రతిచోటా రాజునే పొగిడి పని కానిచ్చాడు. ఆ గ్రంథానికి కొలిచెలమ మల్లినాథసూరి కొడుకు కుమారస్వామి వ్యాఖ్య రాసి, దానికి రత్నాపణమని పేరు పెట్టాడు. అంటే రత్నాల అంగడి. మనకు చిక్కింది హనుమకొండ చౌరస్తా పక్కన టార్పాలిన్ మీద పోసిన పాత పుస్తకాల గుట్ట. అందులో ఒక ఇంద్రజాల్ కామిక్స్ వెనక అట్ట లోపలివైపు పెన్సిలుతో రాసి ఉన్న ఆటవెలది ఇది. దీని వ్యాఖ్యకు చిత్తుకాగితాపణమని పేరు. వైరిసమాసమని పండితులు కోప్పడతారు, పడనివ్వండి.

మూలం

అట్ట చిరిగెనేని యర్ధరూపాయైన
రాదు, పిన్ను తుప్పు రానిదైన;
ముసుగు వీరుడైన మూల చేరినవాడె,
గుర్రమున్న నేమి, గోనె పాలె!

ప్రతిపదార్థం

అట్ట = పై కవరు; చిరిగెనేని = చిరిగినట్లయితే; అర్ధరూపాయి ఐన = యాభై పైసలైనా; రాదు = చేతికి రాదు; పిన్ను = నడుమ గుచ్చిన తీగముక్క; తుప్పు రానిది ఐన = మెరుస్తూనే ఉన్నా సరే; ముసుగు వీరుడైన = మొహం కప్పుకున్న శూరుడైనా; మూల చేరినవాడె = అటకెక్కినవాడే; గుర్రము ఉన్ననేమి = వాహనం ఉండి ఏం లాభం; గోనె పాలె = సంచిలోకి పోవలసినవాడే.

టీక

కవి అట్టతో ఎత్తుకోవడం సబబే. 1964 మార్చిలో టైమ్స్ ఆఫ్ ఇండియా వారు ఫాంటమ్ కథతో ఇంద్రజాల్ మొదలుపెట్టినప్పుడు వెల అరవై పైసలు. బి. గోవింద్ రంగుల్లో వేసిన ఆ తొలినాళ్ల అట్టల కోసమే ఈనాటికీ ఎగబడతారు. 1990లో ఆగిపోయేసరికి ఎనిమిది వందల పైచిలుకు సంచికలు వచ్చాయి. వాటిలో అట్టతో మిగిలినవి ఎన్ని అన్నదే సేకర్తల దిగులు. అమెరికాలో అట్ట పోవడానికి ఒకప్పుడు వ్యాపార కారణం ఉండేది. అమ్ముడుపోని పుస్తకానికి డబ్బు వాపసు రావాలంటే అంగడివాడు అట్టనో, పేరున్న పైపట్టీనో చించి పంపితే సరిపోయేది, మిగతాది పారెయ్యాల్సి ఉండేది. పారెయ్యకుండా చాటుగా అమ్ముకున్నవే అక్కడి మొండి ప్రతులు. మన దగ్గర ఆ పుణ్యం అద్దె లైబ్రరీలది. ఐదారు పుస్తకాలు పేర్చి, దబ్బనంతో కుట్టి, గట్టి కాగితం తొడిగి, ఫాంటమ్ నుదుటి మీదే దుకాణం రబ్బరుస్టాంపు కొట్టేవారు. ఆ నీలి ముద్ర ఉన్న ప్రతికి విలువ తగ్గుతుందంటారు. నాకైతే పెరుగుతుందనిపిస్తుంది.

"అర్ధరూపాయైన" అన్నది అతిశయోక్తి కాదు. 1938లో పది సెంట్లకు అమ్మిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక, అంటే సూపర్‌మ్యాన్ పుట్టిన పుస్తకం, 2024లో అరవై లక్షల డాలర్లు పలికింది. ఆ బొమ్మను పుట్టించిన సీగెల్, షుస్టర్‌లు హక్కులు అమ్ముకున్నది నూట ముప్పై డాలర్లకు. ఈ లోకంలో ధర ఎటైనా పోతుంది.

పిన్నుకు టీక అంతగా అక్కర్లేదు. వానాకాలం పిన్నును తింటుంది, పిన్ను కాగితాన్ని తింటుంది. న్యూస్‌ప్రింట్ ఎలాగూ తనలోని ఆమ్లంతో తానే పచ్చబడి పెళుసెక్కుతుంది. విదేశాల్లో మైలార్ సంచులు, మన ఇళ్లలో కలరా ఉండలు.

ముసుగు వీరుడెవరు? ఇక్కడ వ్యాఖ్యాతల్లో పెద్ద తగువు. ఫాంటమ్ అని ఒక పక్షం. ముసుగుంది, హీరో అనే తెల్లగుర్రముంది, పుస్తకమూ అతనిదే. లోన్ రేంజర్ అని రెండో పక్షం. 1933లో రేడియోలో పుట్టి, డెల్ కంపెనీ కామిక్స్‌లో 1948 నుంచి 1962 దాకా నడిచినవాడు. ముసుగూ ఉంది, సిల్వర్ అనే గుర్రమూ ఉంది. కాజీపేట రైల్వే కాలనీలోనో, ఇతర రాష్ట్రాల పిల్లలకు సగం సీట్లుండే వరంగల్ ఆర్ఈసీ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్లలోనో అలాంటి విదేశీ పుస్తకం కవి కంట పడి ఉండొచ్చని వారి వాదన. సూపర్‌మ్యాన్‌కు ముసుగు లేదు, బ్యాట్‌మ్యాన్ కారెక్కుతాడు, లక్షణం వర్తించదు. 1971 నాటి "మోసగాళ్లకు మోసగాడు" కృష్ణ అని ఒక అభిమాని పక్షం కూడా ఉంది. గుర్రం సరే, అంత అందగాడికి ముసుగు ఎవరు వేస్తారు?

మొదటి పక్షమే గ్రాహ్యం. ఫాంటమ్ కథలకు పాఠభేదాలూ ఉన్నాయి మరి. ఫాంటమ్‌ను పుట్టించిన లీ ఫాక్ మూలంలో బెంగాలా అడవి మన ప్రతుల్లో డెంకాలి అయింది. సింగ్ దొంగలు సింగా దొంగలయ్యారు. ఇన్ని పాఠాంతరాలున్న కథకు టీక రాయకపోతేనే దోషం.

గోనె అనగానే ఈ ఊళ్లో ఏనుమాముల మార్కెట్ మిర్చి బస్తా తలపుకొస్తుంది. ఆ సంచిలో పడుకుని వచ్చిన పుస్తకం తెరవగానే రెండు తుమ్ములు ఖాయం. సంచి దాకా కూడా పోనివి బజ్జీల బండికి చేరతాయి. ఫాంటమ్ పుర్రె ఉంగరం బొమ్మ మీద నూనె మరక గుండ్రంగా పాకిన పేజీ ఒకటి నా దగ్గరుంది. వెనకవైపు మాటలు కూడా ఆ నూనెలోంచి చదువుకోవచ్చు.

తాత్పర్యం

పుస్తకాలు అశాశ్వతం, వీరులు అశాశ్వతం, అంతా సంచి పాలే అని పైకి తేలే అర్థం. శాంతరసం.

విశేషం

పై తాత్పర్యం తప్పు. ధ్వని తేలాలంటే మాట ఎవరు ఎవరితో అన్నారో చూడాలి. వేదాంతి పిన్ను చూస్తాడా? అట్ట చిరిగిందో లేదో ముందు, ఆపైన పిన్ను తుప్పు పట్టిందో లేదో చూసినవాడు రెండు చేతులా పుస్తకం పట్టుకుని, నడిపేజీ తిప్పి, వెలుతురుకు పెట్టి మరీ చూశాడు. అంటే వక్త సేకర్త, శ్రోత అంగడివాడు, పద్యం బేరం. కొననున్నదాన్ని తిట్టడం ఇక్కడ శృంగారంలో ప్రణయకలహం వంటిదే. నింద పైకి, స్తుతి లోపల. కనుక వ్యాజస్తుతి అలంకారం. "గోనె పాలె" అన్నప్పుడు కవి భుజానికి తగిలించుకున్న సంచి కూడా గోనెదే అయితే శ్లేష కూడా సిద్ధిస్తుంది.

ఈ పద్యానికి అంగడివాడి ఉత్తరం కూడా లభ్యం. వచనంలో ఉంది:

"సార్, మీ అసుంటోళ్లు మస్తుమంది ఒస్తరు. పనికిరాదు, పనికిరాదు అనుకుంటనే పట్కపోతరు. మూడు వందలు. తక్కువ లేదు. ఫోన్ల రేటు నేను సుత చూస్త."