పొల్లూరు యంత్రం ఆత్మకథ

భద్రాచలం దాటి చింతూరు అడవుల్లోకి వస్తే, మోతుగూడెం దగ్గర పొల్లూరు జలవిద్యుత్ కేంద్రంలో ఉంటాను. ఈ దిగువ సీలేరు కేంద్రంలోని తొలి నలుగురు అన్నదమ్ముల్లో నేనొకణ్ణి. ఒక్కొక్కరి సత్తా 115 మెగావాట్లు. 1970ల్లో పుట్టినప్పుడు మాది ఖమ్మం జిల్లా. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు చింతూరు మండలం ఆంధ్రప్రదేశ్‌కు దక్కింది. డొంకరాయి జలాశయం నుంచి దూకే నీళ్లు నన్ను తిప్పి శబరి దారి పడతాయి. నా కరెంటు 220 కేవీ తీగల మీద అడవి దాటి పాల్వంచ వైపు పోతుంది.

కరెంటు తీయడం ఒక్కటే నా పని అనుకుంటారు. గ్రిడ్‌లోని జనరేటర్లన్నీ ఒకే కాడికి కట్టిన ఎద్దుల్లా, 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దగ్గర కలిసి నడవాలి. 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ లైను దక్షిణాదిని దేశపు గ్రిడ్‌కు జోడించింది. అప్పటినుంచి ఉత్తరాదిన పెద్ద యూనిట్ ట్రిప్పయినా ఆ కుదుపు నా ఇరుసుకు తెలుస్తుంది. ఫ్రీక్వెన్సీ జారే తొలి క్షణంలో నా రోటర్, ఎవరూ చెప్పకుండానే, తన తిరుగుడులో ఉన్న శక్తిని గ్రిడ్‌కు ఇచ్చేస్తుంది. ఆ వెంటనే నా వేగాన్ని అదుపు చేసే గవర్నర్ అనే పరికరం నీటి దారి వెడల్పు చేస్తుంది.

2020 ఏప్రిల్ 5 రాత్రి దేశమంతా 9 నిమిషాలు దీపాలార్పినప్పుడు డిమాండ్ దాదాపు 31,000 మెగావాట్లు పడిపోయింది. దేశంలోని జలవిద్యుత్ కేంద్రాలు పాతిక నిమిషాల్లో దాదాపు 17,500 మెగావాట్లు తగ్గించి, దీపాలు వెలగగానే మళ్లీ అందుకున్నాయి. మా జాతి గొప్పతనం ఆ రాత్రి తెలిసింది.

ఇప్పుడు సముద్రపు గాలిమరలు రాబోతున్నాయి. గుజరాత్, తమిళనాడు తీరాల్లో 500 మెగావాట్ల చొప్పున పెట్టేందుకు 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆర్థిక సాయం మంజూరు చేసింది. సముద్రం మీద గాలి నేల గాలికన్నా నిలకడైనది. అయితే ఆ మరకూ గ్రిడ్‌కూ మధ్య కన్వర్టర్ ఉంటుంది. మర ఎంత బరువైనదైనా కుదుపు దానికి నేరుగా తగలదు. అందుకే ఆ కన్వర్టర్‌కు ముందే నేర్పాలి: ఫ్రీక్వెన్సీ జారితే రెక్కల వేగంలోని శక్తిని కొన్ని సెకన్లు తోడి ఇవ్వాలని, వోల్టేజీ పడితే నిలబెట్టాలని. రెక్కలను కాస్త వాల్చి కొంత సత్తా చేతిలో ఉంచుకోగలిగితే మరీ మంచిది. ఈ బాధ్యత మోయమని నిబంధన పెట్టాకే ఆ గాలిమరలను గ్రిడ్‌లోకి రానివ్వాలని నా గట్టి నమ్మకం.

గాలి బాగా వీచిన పూట నేను నీళ్లు దాచుకోగలను. ఎగువన సీలేరు దగ్గర 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కేంద్రాన్ని తలపెట్టారు. అది వస్తే గాలిమరల మిగులు కరెంటుతోనే నీళ్లను తిరిగి పైకి ఎక్కించి, సాయంత్రం డిమాండ్ పెరిగే వేళకు కిందికి వదలొచ్చు.