పద్యం ఒంటికి అంటకుండా పదో తరగతి దాటే పద్ధతి

హైదరాబాద్ పాతబస్తీలో శాలిబండ నుంచి లాల్‌దర్వాజా దాకా ఏ బడిలో చదివినా ఇంగ్లిష్ పద్యాలు తప్పవు. పద్యం వెనకాలే సిమిలీ, మెటఫర్, అలిటరేషన్, పర్సానిఫికేషన్ అంటూ అలంకారాల దండు దిగుతుంది. భయపడకు. అందులో ఒక్కటీ బుర్రకెక్కకుండా ఏడాది గడిపే చిట్కాలు ఇవిగో. వరసగా పాటించు.

1. పుస్తకం మూసెయ్, గైడు కొను.
కోఠీలో పాత పుస్తకాల దుకాణాలకు పో. నిరుటి గైడు బేరమాడితే సగం ధరకే ఇస్తారు. ఎవరో ముందే గీతలు గీసి ఉంటారు కాబట్టి ఏది ముఖ్యమో ఆలోచించే బాధ లేదు. సిలబస్ మారిందేమో అని మాత్రం చూడకు. చూస్తే కొత్తది కొనాలి.

2. ఒక్క ముక్క బట్టీ పట్టు.
"లైక్, యాజ్ ఉంటే సిమిలీ." ఇది చాలు. ఇక లైక్ ఎక్కడ కనబడినా సిమిలీ అని రాసెయ్. "ఐ లైక్ బిర్యానీ" కూడా సిమిలీయే. బిర్యానీని దేనితో పోల్చారని సార్ అడిగితే, "మటన్‌తో సార్" అను. ధీమాగా అను. తప్పు చెప్పినా గొంతు వణక్కూడదు.

3. తెలుగు పీరియడ్‌ను ఇంగ్లిష్ పీరియడ్‌లోకి రానివ్వకు.
ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని తెలుగు సార్ ఎప్పుడో నూరిపోశారు. అక్కడ "వలె" చేసే పనే ఇక్కడ "లైక్" చేస్తోందని గమనించావో, సగం పాఠం ఉత్తపుణ్యానికి వచ్చేస్తుంది. రూపకం, అతిశయోక్తి, అంత్యానుప్రాసలతోనూ ఇదే ప్రమాదం. రెండు నోట్సులూ ఒకే బ్యాగులో పెట్టకు.

4. గజల్ వినబడితే చెవులు మూసుకో.
ఈ ఊరు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షాయే స్వయంగా కవి. చార్మినార్ లేపించి ఊరుకోకుండా దక్కనీలో దివాన్ కూడా రాసిపెట్టాడు. అందుకే ఇక్కడ గల్లీగల్లీకీ కవిత్వం తగులుతుంది. గజల్‌లో రెండు పాదాల షేర్ చివర మారకుండా మళ్లీ మళ్లీ వచ్చే మాట రదీఫ్, దానికి ముందు ప్రాస కలిపేది ఖాఫియా అని ఏ దోస్తో చెప్పబోతాడు. క్రికెట్ మాటెత్తు. వింటే రైమ్ స్కీమ్ అర్థమైపోతుంది.

5. సరోజినీ నాయుడుతో జాగ్రత్త.
1912లో వచ్చిన ఆమె 'ది బర్డ్ ఆఫ్ టైమ్' సంపుటిలో 'ఇన్ ది బజార్స్ ఆఫ్ హైదరాబాద్' అని ఒక పద్యం ఉంది. మన బజారే. ఏమమ్ముతున్నారని వ్యాపారులను, కంసాలులను, పండ్లవాళ్లను అడగడం, వాళ్లు జవాబివ్వడం, అంతే కథ. 5 స్టాంజాలు, ఒక్కో దాంట్లో 6 పాదాలు. 2, 4, 6 పాదాల చివర ప్రాస. ఆఖర్న పూలమ్మే పిల్లలు పెళ్లికొడుక్కి కిరీటాలూ అల్లుతారు, చనిపోయినవాళ్లకు తెల్లపూల దుప్పట్లూ అల్లుతారు. ఇట్లా కళ్లకు కట్టే పద్యాలే కొంప ముంచేవి. ఇమేజరీ అంటే ఏమిటని అడిగితే "ఫొటోలు సార్" అని కూర్చో. సరోజినిని భారత కోకిల అని ఎందుకన్నారని అడిగితే, "చెట్టెక్కి పాడేవారు" అని రాయి. మెటఫర్ అని రాసి మార్కు తెచ్చుకోకు.

6. అమ్మ బజారుకు రమ్మంటే తలనొప్పి అను.
లాడ్ బజార్‌లో గాజులు గలగలమంటాయి. పక్క సందులో ముసలాయన తోలు పొరల మధ్య వెండి ముక్క పెట్టి, అది వరఖు అనే పలచటి రేకయ్యేదాకా సుత్తితో టకటకా కొడుతుంటాడు. ఆ చప్పుడు చెవిలో పడిందా, ఆనమటోపియా వచ్చేసినట్టే. దుకాణదారు "చార్మినార్ కదిలినా ఈ గాజు పగలదమ్మా" అంటాడు. అది హైపర్బోలి. "పొద్దుటినుంచి గల్లాపెట్టె నిద్రపోతోంది" అంటాడు. అది పర్సానిఫికేషన్. డజను గాజులు కొనే లోపల మూడు పాఠాలు అయిపోతాయి. ఇంట్లో పడుకుని ఫోన్ చూడు.

7. చిట్టీ చేత్తో రాయకు.
చాలామంది మంచి పిల్లలు ఇక్కడే చెడిపోయారు. సన్నటి అక్షరాలతో చిట్టీ రాస్తూ రాస్తూ అంతా గుర్తుపెట్టుకుని, హాల్లో దాన్ని తియ్యకుండానే పాసయ్యారు. నువ్వు మైక్రో జిరాక్స్ తీయించు. చీమల బారులాంటి అక్షరాలు, అరచేతిలో చెమట. పేపరిచ్చేసరికి మెటఫర్‌లో "మెటా" ఒక్కటే మిగులుతుంది. అదే రాసెయ్. స్క్వాడ్ వస్తే నమిలి మింగు. చదువు లోపలికి పోవడమంటే అదే.

8. సాకులు నెల ముందే సర్దుకో.
పరీక్షలు మార్చిలో, బోనాలు ఆషాఢంలో. కాబట్టి డప్పుల వల్ల చదవలేదంటే నాన్న నమ్మరు. ఫంక్షన్ హాల్లో మర్ఫా వాయిద్యం మాత్రం ఏడాది పొడుగునా నమ్మదగిన సాకు. సార్‌కు కరెంటు పోయిందని, అమ్మకు కళ్లు మండాయని, నాన్నకు పేపరంతా అవుటాఫ్ సిలబస్ అని చెప్పు. ఎవరికేం చెప్పావో రాసిపెట్టుకో. జ్ఞాపకశక్తిని ఇలాంటి అవసరాలకే దాచుకోవాలి.

9. మెమో వచ్చిన రోజు నోరు విప్పకు.
నాన్న మార్కులు చూసి "నువ్వు గాడిదవిరా" అంటారు. అమ్మ అడ్డొచ్చి "గాడిదలా చాకిరీ అయినా చెయ్యడు" అంటుంది. ఒకరిది మెటఫర్, ఇంకొకరిది సిమిలీ. తల దించుకుని నిలబడు, తేడా మాత్రం గమనించకు. గమనిస్తే సప్లిమెంటరీలో పాసైపోతావు.