‘డే వన్’ సందేశం: పాదసంవాహినీ వ్యాఖ్యా సహితం

మూలం: “ఫ్రెండ్స్, రేపు డే వన్. ప్లాన్ ఏమీ లేదు. మనం టూరిస్టులం కాదు, ట్రావెలర్లం. అలా నడుచుకుంటూ సిటీని ఫీల్ అవుదాం. లోకల్స్ లాగా తిందాం. అందరూ షార్ప్ ఏడున్నరకి లాబీలో ఉండాలి.”

అవతారిక: విమానయాన క్లేశముల కోర్చి ఇస్తాంబుల్ మహానగరమున సుల్తానహ్మెత్ పేటలో విడిది చేసిన మిత్రబృందమును ఉద్ధరింపదలచి, తనకు తానే పట్టాభిషేకము గావించుకొనిన మిత్రుడొకడు నడిరేయి దాటిన పిదప వాట్సాప్ ముఖమున వెలువరించిన గ్రంథమిది. కర్త పేరు చెప్పను. ప్రతి స్నేహితుల గుంపులోనూ ఈయన ఒకడు ఉంటాడు కాబట్టి ఆ ఖాళీని ఎవరికి వారు పూరించుకోగలరు.

మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథ సూరి, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసేటప్పుడు ఆధారం లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. అందులో మొదటి సగం నేనూ ఇస్తున్నాను. రెండో సగం నా వల్ల కాదు.

ఛందస్సు: యతి లేదు, ప్రాస లేదు. వాక్యాంతాల్లో ఒక విమానం, ఒక జత బూట్లు, కండలు తిరిగిన ఒక చెయ్యి బొమ్మలుగా ఉన్నాయి. వీటిలో చివరిదే కావ్యానికి ప్రాణం.

ఫ్రెండ్స్: స్పష్టము.

రేపు: ఇదీ స్పష్టమే అనుకుంటారు. సందేశం వచ్చింది రాత్రి ఒంటిగంట దాటాక. అంటే చదివేవాడికి ‘రేపు’ అప్పటికే వచ్చేసింది, అందులో కొంత అయిపోయింది కూడా.

ప్లాన్ ఏమీ లేదు: ఇక్కడ అలంకారం ఏదని చర్చ. ‘ప్లాన్ లేదు’ అని మొదలుపెట్టి ‘షార్ప్ ఏడున్నర’ అని ముగించాడు గనుక విరోధాభాసమని కొందరు తొందరపడతారు. అది సరికాదు. విరోధాభాసంలో పైకి కనిపించే విరోధం ఆలోచిస్తే విడిపోతుంది. ఇక్కడ ఆలోచించినకొద్దీ బిగుసుకుంటుంది.

ప్లాన్ లేకపోవడమే స్వేచ్ఛ కదా అని పూర్వపక్షం. సమాధానం: లేనిది మనకు. ఆయనకు ఉంది. ఆయన ఫోన్లో చుక్కలు పెట్టి గీతలు కలిపిన మ్యాపు ఒకటి ఉంది. అది మనకు చూపిస్తే ‘ఇంత నడకా?’ అని ఎవరైనా అడుగుతారు. చూపించకపోతే ఎవరూ అడగలేరు. పోనీ, ఆ రహస్య శాస్త్రమైనా శుద్ధంగా ఉందా అంటే అదీ లేదు. మేము దిగిన మర్నాడు ఆదివారం. మమ్మల్ని తిన్నగా తీసుకెళ్ళి గ్రాండ్ బజార్ గేటు ముందు నిలబెట్టాడు. 15వ శతాబ్దంలో సుల్తాను మెహ్మెద్ మొదలుపెట్టించిన బజారు అది, కప్పు కింద వీధులకు వీధులు, వేల దుకాణాలు. ఆదివారం సెలవు. ప్లాన్ ఉన్నవాడికి ఈ సంగతి ముందే తెలుస్తుంది, ప్లాన్ లేనివాడు గేటు దాకా రాడు. రెండూ అయినవాడి వెనకాల మేము నిలబడ్డాం.

ఏడున్నరకి: అన్వయ సౌకర్యం కోసం చివరి వాక్యాన్ని ముందుకు తెస్తున్నాను. మమ్మల్ని మంచం దింపింది అదే కాబట్టి దానికి ఆ గౌరవం దక్కాలి. ఇక్కడ గ్రంథపాతం ఉంది. మూలానికి ముందు ‘ఈ సందేశం తొలగించబడింది’ అన్న గీత కనిపిస్తుంది. లుప్తమైన ఆ భాగంలో ‘ఏడు’ అని ఉండేదని ఒక మతం. ‘ఆరున్నర’ అని ఉండేదనీ, తాను కళ్ళారా చూశాననీ మాతో వచ్చిన వదినగారి మతం. సాక్షి బలవత్తరం గనుక రెండోదే గ్రాహ్యం.

పాఠాంతరం అనగానే నాకు ఈ ఊళ్ళో ఒక రాయి గుర్తొస్తుంది. దాని గురించి చెప్పక తప్పదు. బ్లూ మాస్క్ పక్కన ఒకప్పటి రథాల పందేల మైదానంలో ఈజిప్టు ఏకశిల ఒకటి నిలబడి ఉంది. క్రీస్తుపూర్వం 15వ శతాబ్దంలో మూడో తుత్‌మోస్ ఫరో కర్ణాక్ ఆలయం కోసం చెక్కించింది. క్రీ.శ. 390లో థియోడోసియస్ చక్రవర్తి దాన్ని ఇక్కడ ఎత్తించాడు. పీఠానికి ఒక వైపు లాటిన్ పద్యం, ఎదురు వైపు గ్రీకు పద్యం. రెండూ చెప్పేది ఒకటే: ఈ రాయిని నిలబెట్టడం ఎంత కష్టమో, ఎంత త్వరగా నిలబెట్టామో. లాటిన్ పద్యం 30 రోజులంటుంది. గ్రీకు పద్యం 32 అంటుంది.

చిత్తగించండి. రాయి ఒకటే, ఎత్తింది ఒక్కసారే, చెక్కించిన ప్రభువు ఒక్కడే. తాళపత్రమైతే లేఖకుడి మీద, అచ్చు పుస్తకమైతే ప్రూఫులు దిద్దినవాడి మీద తోసేస్తాం. చలువరాతి మీద ఉలితో చెక్కిన తప్పుకు ఎవర్ని పట్టుకోవాలి? గణాలు కుదరక అంకె మార్చారని ఛాందసులు అనవచ్చు. మన కవులూ గణం కోసం ఇంతకన్నా పెద్దవే మార్చారు. నాకు మాత్రం వేరే ఊహ ఉంది. ఆ రెండు రోజులూ తాళ్ళు లాగిన కూలీలకు విశ్రాంతి ఇచ్చి ఉంటారు. గ్రీకు కవి దాన్ని లెక్కలో వేశాడు, లాటిన్ కవి కొట్టేశాడు. లాటిన్ కవి మా గ్రంథకర్తకు పూర్వీకుడై ఉండాలి.

ఇంకా ఉంది. ఆ పని జరిపించిన నగరాధికారి ప్రోక్లస్ పేరు పద్యాల్లో ఉంది. తర్వాత రాజకీయాల్లో అతని తల పోయింది. తలతో పాటు రాతి మీది పేరునూ చెక్కేశారు. మరికొన్నేళ్ళకు గాలి మారాక మళ్ళీ చెక్కారు. పీఠం పైభాగాన చక్రవర్తి గెలిచినవాడికి ఇవ్వడానికి దండ పట్టుకుని నిలబడి ఉంటాడు, ఆయన కాళ్ళ కింద నాట్యకత్తెలూ వాద్యగాళ్ళూ. అడుగు రాతి మీద తాళ్ళు కట్టి ఈ స్తంభాన్నే పైకి లేపుతున్న బొమ్మ. పీఠానికీ స్తంభానికీ మధ్య నాలుగు కంచు దిమ్మలు. ఆ సందులోంచి అవతలి వెలుతురు కనిపిస్తుంది. ఊరు శతాబ్దాల తరబడి పైకి పెరగడంతో పీఠం ఇప్పుడు గోతిలో ఉంది, చుట్టూ కటకటాలు. కటకటాలు పట్టుకుని వంగి చూస్తేగానీ అక్షరాలు అందవు.

నేను వంగి చూస్తున్నాను.

“ఒరే, ఫోటో అయిపోయింది కదరా, ఇంకా ఏంటి?”

“చదువుతున్నా.”

“నీకు లాటిన్ వచ్చా?”

“రాదు.”

“మరి?”

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఈజిప్టు నుంచి వచ్చిన రాయికి ఈ ఊళ్ళో ఊరికే నిలబడడానికే నెల పట్టింది. మేము మధ్యాహ్నం లోపు ఊరంతా ‘ఫీల్’ అయిపోవాలి. ఇంతకీ మూలంలో ఎక్కడున్నాం? ఏడున్నర దగ్గర. లాబీకి ఏడున్నరకి వచ్చింది నేనూ వదినగారూ. గ్రంథకర్త ఎనిమిదింటికి దిగాడు.

టూరిస్టులం కాదు, ట్రావెలర్లం: ఈ భేదం గ్రంథకర్తకు ప్రాణప్రదం. టూరిస్టు క్యూలో నిలబడతాడు, ట్రావెలరూ క్యూలోనే నిలబడతాడు గానీ మొహం చిట్లించుకుని నిలబడతాడు. హగియా సోఫియా దగ్గర ఇది ప్రత్యక్ష ప్రమాణంతో తేలింది. జస్టినియన్, 537, గుమ్మటం, ఇవన్నీ సులభం. ప్రతి గైడూ చెబుతాడు, వదిలేస్తున్నాను. 2024 జనవరి నుంచి విదేశీ సందర్శకులకు వేరే ద్వారం, పై వసారా వరకే ప్రవేశం, 25 యూరోల టికెట్టు. టికెట్టిచ్చే మనిషి మీరు ట్రావెలరా అని అడగడు.

ఆ పై వసారాలోనే పాలరాతి పిట్టగోడ మీద ఉత్తరదేశపు రూనిక్ లిపిలో ఒక గీతల వరస ఉంది. చదవడానికి వీలైనంత వరకు అది ‘హాఫ్‌దాన్’ అన్న పేరు. ఇక్కడి చక్రవర్తుల కొలువులో కాపలా సిపాయిగా వచ్చిన వైకింగు ఎవడో చెక్కి ఉంటాడని పండితుల ఊహ. నెలల తరబడి నదులు దాటి వచ్చినవాడు, కత్తి పట్టి బతికినవాడు, అతన్ని మించిన ట్రావెలర్ ఎవరు? అంతటివాడూ అంత పెద్ద గుడిలో నిలబడి చేసిన పని, మనవాళ్ళు గోల్కొండ గోడల మీద చేసే పనే. దీంతో భేదవాదం కొట్టివేయబడింది.

నడుచుకుంటూ: ఈ పదం దగ్గర వ్యాఖ్యాత గొంతు కొంచెం మారుతుంది, మన్నించాలి. సుల్తానహ్మెత్ నుంచి ఎక్కుడు దారిన బెయాజిత్ వెళ్ళి, మూసిన బజారు గేటు చూసి, అక్కణ్నుంచి ఎమినొను రేవుకు దిగాం. గలాటా వంతెన దాటాం. అవతల గలాటా బురుజుకు నిలువునా ఎక్కాం. రాళ్ళు పరిచిన వీధులు, నునుపెక్కిన మెట్లు. బెయాజిత్ నుంచి వంతెన అవతలి దాకా ట్రామ్ ఉంది. గంట మోగించుకుంటూ మా పక్కనుంచే పోయింది, మళ్ళీ మళ్ళీ పోయింది. ఒకే కార్డు వరసగా నొక్కి నలుగురూ ఎక్కవచ్చు. “ట్రామ్ ఎక్కితే సిటీ ఏం తెలుస్తుందిరా?” అన్నాడు. నిజానికి వంతెన దాటుతున్నప్పుడు నాకు తెలిసింది ముందు నడుస్తున్నవాడి మడమలే.

ప్రయాణం నడిపించడం ఒక విద్య. 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య పెద్ద పరివారాన్ని వెంట తీసుకెళ్ళాడు. రాసుకున్నదేమిటి? మజిలీకీ మజిలీకీ దూరమెంత, దారి ఎలాంటిది, దిగడానికి వసతి ఉందా, మంచి నీళ్ళున్నాయా, అంగళ్ళలో ఏం దొరుకుతుంది. తాను ఎంత అద్భుతంగా ‘ఫీల్’ అయ్యాడన్నది తర్వాతి మాట. మా గ్రంథంలో నీళ్ళ ప్రసక్తి లేదు. మరుగుదొడ్డి ప్రసక్తి లేదు. మాలో ఒకడికి షుగరు, ఒకామెకు మోకాళ్ళు. ఈ రెండు విషయాలూ గ్రూపులో అందరికీ తెలుసు, గ్రంథకర్తకూ తెలుసు.

ఫీల్ అవుదాం: ఈ క్రియ ఆ రోజు ఒక్కచోటే ఫలించింది. మూసిన బజారు వెనక సందులో, ఆయన మ్యాపులో చుక్క లేని చోట, నాలుగు పొట్టి పీటలున్న టీ దుకాణం. నడుము సన్నగిల్లిన చిన్న గాజు గ్లాసు, పాలు లేని ఎర్రటి టీ, సాసర్లో రెండు చక్కెర బిళ్ళలు. గ్లాసుకు చెవి ఉండదు, అంచు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకోవాలి, లేకపోతే చురుక్కుమంటుంది. ఒక పీట మీద పిల్లి పడుకుని ఉంది. టీ కుర్రాడు దాన్ని లేపలేదు, మాకోసం లోపల్నుంచి ఇంకో పీట తెచ్చాడు. “ఒరే, ఇంకాసేపు కూర్చుందాంరా” అన్నాను. “కూర్చోడానికి ఇంత దూరం రావాలట్రా?” అన్నాడు. అవును రా, కూర్చోడానికే వచ్చాను. అనలేదు, లేచాను. పిల్లి లేవలేదు.

లోకల్స్ లాగా: లోకల్ అంటే ఎవరు? సుల్తానహ్మెత్‌లో మాకు ఎదురైనవాళ్ళు మాలాంటివాళ్ళు, మాలాంటివాళ్ళ మెడకు దుపట్టాలు చుట్టి చూపించేవాళ్ళు. అసలు ఊరివాళ్ళు గలాటా వంతెన మీద కనిపించారు. పొడవాటి గాలాలు రెయిలింగుకు ఆనించి, పక్కన బకెట్లో నాలుగు చిన్న చేపలు తిరుగుతుంటే ఎటో చూస్తూ నిలబడ్డారు. మరి అవతలి కొండ సంగతి? ఆ ఎక్కుడు ఎక్కలేకే కదా ఊరివాళ్ళకు 1875లో కరకొయ్ నుంచి కొండపైకి సొరంగంలో రైలు వేశారు. ట్యూనెల్ అంటారు. లండన్ భూగర్భ రైలు తర్వాత ప్రపంచంలో అంత పాతది మరొకటి నడవడం లేదు. రెండు నిమిషాల్లోపే పైకి చేరుస్తుంది. కాబట్టి ‘లోకల్స్ లాగా’ అన్న మాటకు శాస్త్రసమ్మతమైన అర్థం ‘ట్యూనెల్ ఎక్కి’ అని. గ్రంథకర్త తన మూలాన్ని తానే పాటించలేదు.

తిందాం: రేవు దగ్గర చేప పెట్టిన రొట్టె ప్రసిద్ధం. మాలో సగం మంది శాకాహారులు. వాళ్ళకు నువ్వులద్దిన గుండ్రటి సిమిత్, తర్వాత ఎర్రపప్పుతో చేసే మెర్జిమెక్ చోర్బా. నిమ్మకాయ పిండుకుని ఒక చెంచా తాగి వదినగారు “పప్పుచారే, పోపు మర్చిపోయారు” అని తేల్చారు. రోజంతటికీ ఈ ఒక్క వాక్యమే వ్యాఖ్యానం అక్కర్లేనిది.

గ్రూపులో ఆ రాత్రి గ్రంథకర్త తన వాచీలోని అడుగుల లెక్క ఫోటో తీసి పెట్టాడు. కింద అందరమూ బొటనవేలు పెట్టాం. నేనూ పెట్టాను.

తాత్పర్యం: స్పష్టము.

ఇది శ్రీమద్వాట్సాప్ సమూహ మధ్యమ పంక్తి నివాసియు, వామపాద కనిష్ఠికాంగుళీ బొబ్బాలంకృతుండునగు వ్యాఖ్యాత రచించిన పాదసంవాహినియందు ప్రథమ దివసము.

నాయకులకు మనవి. మీ మ్యాపు రాత్రే గ్రూపులో పెట్టండి. మొదటి రోజు భోజనాల వేళ దాకా ఎవరినీ లేపకండి. ఇక ఆదివారం గ్రాండ్ బజార్ ఉండదు, సోమవారం నుంచి శనివారం దాకా ఉంటుంది.