మడి కట్టుకున్న బండి

కొత్త ఎస్‌యూవీ కొన్నవాళ్లు ఇప్పుడు దానికి రెండు తంతులు జరిపిస్తున్నారు. ఒకటి గుళ్లో పూజ, రెండోది సిరామిక్ కోటింగ్. పూజ చేసిన పంతులుగారు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, దక్షిణ పుచ్చుకొని, క్షేమంగా వెళ్లి రమ్మంటారు తప్ప ఏ వారంటీ ఇవ్వరు. కోటింగ్ అబ్బాయి మాత్రం ఐదేళ్లకు రాసిస్తాడు. "9హెచ్ సార్. దుమ్ము అంటదు, గీత పడదు. కావాలంటే గీసి చూస్కోండి" అని తాళంచెవి మన చేతికే ఇస్తాడు. అప్పుల మీద తెచ్చుకున్న బండిని తాళంచెవితో గీసే గుండె ఎవరికుంటుంది? ఎవరూ గీయరు. కోటింగ్ పరీక్ష నెగ్గినట్టే.

ఇంతకీ ఈ 9హెచ్ పెన్సిళ్ల లెక్క. రంగు పూత ఎంత గట్టిదో చూడటానికి మెత్తటి పెన్సిళ్ల నుంచి గట్టివాటి దాకా వరసగా తీసుకొని పూత మీద నొక్కి నెడతారు. 9హెచ్ పెన్సిల్‌కు కూడా గీత పడకపోతే అది 9హెచ్ పూత. అంతే సంగతి. దుకాణంలో మాత్రం ఆ తొమ్మిదిని తీసుకెళ్లి ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద కూర్చోబెడతారు. ఆ స్కేలులో పది వజ్రం కాబట్టి మీ బండి వజ్రానికి ఒక్క మెట్టు కిందే ఉందంటారు. హైదరాబాద్ శివార్లలోని మొయినాబాద్‌లో ఆకాశం నుంచి పెన్సిళ్లు రాలవు. లేచేది మట్టి. మట్టిలో ఇసుక ఉంటుంది. ఆ ఇసుకలోని క్వార్ట్‌జ్ మోస్ స్కేలు మీద అసలు సిసలు 7. గాజును గీస్తుంది, మామూలు ఇనుమును గీస్తుంది. మైక్రాన్లలో కొలిచే పూత దాన్ని అడ్డుకుంటుందని నమ్మాలంటే గుళ్లో చూపించిన దానికన్నా ఎక్కువ భక్తి కావాలి.

కోటింగ్‌కు ఒక గుణం ఉన్నమాట నిజమే. నీళ్లు నిలవనివ్వదు. బొట్లు బొట్లుగా జారిపోతాయి, కడగడం తేలిక. తామరాకు గుణమే అది. తామరాకు ఎందుకు తడవదో జర్మనీ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ బార్ట్‌లాట్ 1990లలో విడమరిచి చెప్పాక, దుకాణాలవాళ్లకు అది మంత్రమైంది. అయితే తామరాకు శుభ్రంగా ఉండేది నీటిబొట్టు దొర్లుతూ దుమ్మును వెంట తీసుకుపోతేనే. వేసవంతా వాన సరిగా పడని చోట అదీ దుమ్ము కొట్టుకుపోయిన ఆకే. ఇక వారంటీ కాగితం అడుగున చిన్న అక్షరాలు చదవండి. రాయి తగిలిన గుంటకు వర్తించదు. పిట్ట రెట్ట తుడవకుండా వదిలేస్తే వర్తించదు. చెప్పిన గడువుకు వాళ్ల దగ్గరికే వచ్చి డబ్బిచ్చి కడిగించుకోకపోతే వర్తించదు. చివరికి అది వర్తించేది గ్యారేజీలోంచి కదలని బండికే.

ఇంత మడి కట్టుకున్న బండి వారాంతానికి వెళ్లేది ఎక్కడికయ్యా అంటే, మట్టివాసన పీల్చడానికి మొయినాబాద్‌కు.

శనివారం మధ్యాహ్నం అప్పా జంక్షన్ దాటాక చూడాలి ఆ ఊరేగింపు. అజీజ్‌నగర్, కనకమామిడి, తోలుకట్ట వైపు తెల్లవీ నల్లవీ పెద్ద బండ్లు. వాటిలో నాలుగు గుంటలు కొని రైతులైనవాళ్లు, ఎకరం కొని భూస్వాములైనవాళ్లు, వాళ్ల స్నేహితులు. ఈ ఊళ్ల ఫామ్‌హౌస్‌ల ఘనత చిన్నది కాదు. 2022 అక్టోబరులో ఎమ్మెల్యేల కొనుగోలు కేసు బయటపడింది కూడా మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లోనే. తారురోడ్డు వదిలి పక్కకు తిరగగానే మొరం రోడ్డు వస్తుంది. ప్రకటనలో ఈ బండి చేసిందంతా ఇలాంటి దారి మీదే. ఇసుక తిన్నెలు ఎక్కింది, వెనక ఎర్రటి మేఘం లేపింది, హీరో అద్దం దించి నవ్వాడు. ఏకంగా ఎడారి పేరే పెట్టుకున్న థార్ ఉంది కదా, దానికీ కవర్లు అమ్ముతున్నారు. మన హీరో మాత్రం ఇక్కడ అద్దాలు బిగించి, ఏసీని లోపలి గాలి మీదకు తిప్పుకొని, ముందు బండిని దాటెయ్యాలని హారన్ కొడుతుంటాడు. ముందున్నవాడికి దుమ్ము ఉండదు. వెనకవాడి ప్రారబ్ధం వెనకవాడిది. అందుకే ఒకే పుట్టినరోజు పార్టీకి పోతున్న ఐదు బండ్లు అర కిలోమీటరు మట్టిదారి మీద పందెం వేసుకుంటాయి.

గేటు లోపలికి చేరాక శుద్ధి మొదలవుతుంది. పిల్లలు బండికి ఆనుకోకూడదు. కుక్క దగ్గరికి రాకూడదు. డ్రైవర్ డిక్కీలోంచి కుచ్చుల బ్రష్ తీసి బానెట్ మీద ఎడాపెడా దులుపుతాడు. నిజానికి పెయింటును పాడుచేసేది ఇదే. పడిన దుమ్మును పడినట్టు వదిలేస్తే అది ఏమీ అనదు, ఊరికే కూర్చుంటుంది. పొడిగుడ్డ పెట్టి రుద్దినప్పుడే ఆ 7 నంబరు ఇసుక తన పని మొదలుపెడుతుంది. ఎండలో వంగి చూస్తే సాలెగూడులాగా కనిపించే సన్నగీతలన్నీ దుమ్ము చేసినవి కావు, శుభ్రత చేసినవి. ముందు ధారాళంగా నీళ్లు పోసి మట్టిని జార్చాలి, తర్వాతే గుడ్డ తాకాలి. ఈ ముక్క ఏ లారీ క్లీనర్‌ను అడిగినా పైసా తీసుకోకుండా చెప్తాడు. ఆదివారం సాయంత్రం మళ్లీ అదే మట్టిదారిన తిరిగి పోవాల్సిన బండిని శనివారం సాయంత్రమే బోరు నీళ్లతో, ప్రెషర్ పైపుతో కడిగించేవాళ్లూ ఉన్నారు. 2024 వేసవిలో బెంగళూరువాళ్లు తాగేనీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. మనకు ఉస్మాన్‌సాగర్ పక్కనే ఉంది కాబట్టి ఆ బెంగ లేదు.

దుమ్ము అంటే ఏమిటో తెలుసుకోవాలంటే అమెరికా పోవాలి. చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసి, వీసా వచ్చాక మొక్కు తీర్చి నూట ఎనిమిదీ చేసి, బే ఏరియాలో స్థిరపడ్డవాళ్లకు పక్క రాష్ట్రం నెవడా దగ్గరే. అక్కడి బ్లాక్ రాక్ ఎడారిలో ఏటా ఆగస్టు చివర్లో బర్నింగ్ మ్యాన్ అని జాతర జరుగుతుంది. 1986లో శాన్‌ఫ్రాన్సిస్కో సముద్రపు ఒడ్డున మొదలై 1990లో ఎడారికి చేరింది. అది ఎండిపోయిన పాత సరస్సు అడుగు. పిండిలాంటి క్షారపు మట్టి. గాలి లేస్తే ముందున్న మనిషి కనపడడు. 2023లో వాన పడి అదే మట్టి జిగురై, డెబ్భై వేల మంది దాకా కదల్లేక చిక్కుపడ్డారు. అక్కడికి బండి తీసుకుపోయేవాళ్లు ఏసీ రంధ్రాలకు టేపు వేస్తారు, సీట్లకు ప్లాస్టిక్ చుడతారు, తిరిగొచ్చాక నీళ్లలో కాస్త వినెగర్ కలిపి తుడుస్తారు. క్షారానికి ఆమ్లం విరుగుడు, అందులో అర్థముంది. మన మొరానికీ ఎర్రమట్టికీ ఆ వినెగర్‌తో పనిలేదు. అయినా ఆ కిటుకు విని ఇక్కడ బానెట్ మీద వినెగర్ చల్లినవాడూ ఉంటాడు. అమెరికా నుంచి వచ్చిన మాట కదా.

అక్కడినుంచి తెచ్చుకోవాల్సింది వేరే ఉంది. ఆ జాతరలో బండి దాని చోటికి చేరాక ఇక కదపకూడదు. కదిలేది అనుమతి పొందిన వింత వాహనాలే. వేగం గంటకు ఐదు మైళ్లు, అంటే మన లెక్కలో ఎనిమిది కిలోమీటర్లు. ట్యాంకర్లు తిరుగుతూ దారుల మీద నీళ్లు చల్లుతాయి. వెళ్లిపోయేటప్పుడు ఎవరి చెత్త వాళ్లే ఏరుకుపోవాలి. డబ్బున్న మారాజులు అక్కడా తక్కువేమీ కాదు, వాళ్ల వేషాల మీద వేరే వ్యాసం రాయొచ్చు. కానీ దుమ్ము నుంచి కాపాడుకోవడమంటే ముందు దుమ్ము లేపకపోవడం అని వాళ్లకు తెలిసింది. ఎడారిలో ఉన్నవాళ్లకు తెలిసింది, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అనే రెండు చెరువుల మధ్య ఉన్న మనకు తెలియలేదు.

మనం లేపిన దుమ్ము ఎక్కడికి పోతుంది? చేవెళ్ల రోడ్డు మీద మర్రిచెట్టు కింద జామకాయలు అమ్మే ఒక పెద్దమ్మ బుట్టల మీద వెండిరంగు గుడ్డ కప్పి ఉంది. అంచుకు ఎలాస్టిక్, ఒక మూల అద్దానికి తొడిగే చెవి. చూడగానే కారు కవర్ అని తెలిసిపోతోంది.

"యాడిదమ్మా ఇది?"

"ఫాంహౌజ్ సారోళ్లు పారేసిన్రు బిడ్డా. కొత్తది కొన్నరంట. మంచిగున్నది, దుబ్బ లోపటికి వోతలేదు."

అరకిలో కాయలు తూచి, ఒకటి కొంగుతో తుడిచి చేతిలో పెట్టి, మళ్లీ కవర్ కప్పేసింది. ఈ మొత్తం ప్రాంతంలో చేయాల్సిన పని చేస్తున్న కారు కవర్ నాకు కనపడింది అదొక్కటే. ఆమె ముక్కుకూ నోటికీ మాత్రం కవర్ లేదు. తలమీది మర్రి ఆకులు ఏ రంగువో వాన పడితేగాని చెప్పలేం. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా ఉన్న తొమ్మిది వందల పైచిలుకు మర్రుల మీద హరిత ట్రిబ్యునల్‌లో ఏళ్లపాటు వాదన నడిచింది. ఉంచాలా, కొట్టాలా, పీకి నాటాలా అని. వాటికి నీళ్లు పట్టే బాధ్యత ఎవరిదన్న వాదన నా చెవిన పడలేదు.

నిలబడ్డ కారుకు కవర్ ఉంది, పరిగెత్తే టిప్పర్‌కు టార్పాలిన్ ఉండదు. దీన్ని మించిన వ్యంగ్యం నేను రాయలేను. కాలుష్యం హద్దు దాటిన నగరాల్లో నిర్మాణ సామగ్రిని కప్పకుండా తీసుకుపోకూడదని కేంద్ర పర్యావరణ శాఖ 2018 జనవరిలోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ నోటిఫికేషన్ మీద ఎంత దుమ్ము పేరుకుందో మరి. 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును గుద్దింది, ఆ కంకర కిందే ప్రయాణికులు ప్రాణాలు వదిలారు. అదీ ఈ రోడ్డు మీదే. దాని మీద చమత్కరించడం నా చేత కాదు. ఆ కంకర వెళ్లేది మాత్రం ఎక్కడో ఎవరికోసమో కాదని గుర్తుంటే చాలు.

పొరలు అంటించడంలో ప్రభుత్వమూ తీసిపోలేదు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు 1996 మార్చి 8న ఒక పీపీఎఫ్, అంటే బండి పెయింటు మీద అంటించే రక్షణ పొరలాంటిది, వేసింది. పేరు జీవో 111. మందం పది కిలోమీటర్లు. 84 గ్రామాల్లో అడ్డగోలు కట్టడాలు కూడదంది. పొర ఉండగానే గీతలు పడ్డాయి. గీతలన్నిటికీ గేట్లు, స్విమ్మింగ్ పూళ్లు ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో కొత్త జీవోతో అంచు లేచింది, 2023 మేలో మంత్రివర్గం మొత్తం పీకేస్తామంది. అయినా ఇరవై ఆరేళ్లు వచ్చింది. ఏ కోటింగ్ దుకాణంవాడూ అన్నేళ్లకు రాసివ్వడు. పొర లేచిన రోజున మిఠాయిలు పంచుకున్నవాళ్లే, బానెట్ మీద పొర అంచు వెంట్రుకవాసి లేచినా దుకాణంవాడి గల్లా పట్టుకుంటారు.

తోలుకట్ట వైపు ఎకరం ఉన్న ఒక మిత్రుడికి ఇవన్నీ చెప్పలేదు, మర్యాద కాదు. చిన్న సలహా మాత్రమే ఇచ్చాను. ఐదు ఫామ్‌హౌస్‌లవాళ్లు కలిస్తే శనివారం శనివారం ఒక ట్రాక్టర్ ట్యాంకర్‌తో దారి తడిపించడం పెద్ద ఖర్చు కాదు, మొరం రోడ్డు ఎక్కాక ఇరవై దాటకుండా పోతే దుమ్ము పెద్దగా లేవదు, కోటింగ్ డబ్బులూ మిగులుతాయి అన్నాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. బానెట్ మీద పడిన మర్రి ఆకును మునివేళ్లతో తీసి అవతల పారేశాడు.

"ఇరవైల పోవుడేందన్నా? గట్లయితే నలభై లక్షలు పెట్టి ఇది కొనుడెందుకు, ఆటోల వస్తుంటి గద!"