ఎడం

నారాయణపేట జిల్లా, మద్దూరు దాటాక ఒక ఊరు. 2023 వానాకాలం. అంగన్‌వాడీలో తల్లుల సమావేశం జరుగుతోంది. బడి కూడా అదే ఆవరణలో ఉంది. పక్క గదిలో పిల్లలు ఎక్కాలు అందుకున్నప్పుడల్లా ఏఎన్‌ఎం తన మాట ఆపి, వాళ్లు అయ్యాక మళ్లీ మొదలుపెడుతోంది.

ఓపికగల మనిషి ఆమె. బిడ్డకూ బిడ్డకూ కనీసం మూడేళ్ల ఎడం ఎందుకుండాలో చెప్పింది. తెలంగాణలో సగం మందికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువే. ఒక కాన్పు నుంచి తేరుకోకముందే ఇంకో కాన్పంటే తల్లికీ గండం, కడుపులో బిడ్డకూ గండం. మూడు నెలలకోసారి వేసే అంతర సూది, మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికొకటి వేసుకునే ఛాయ మాత్ర, కాపర్-టీ అన్నీ సర్కారు దవాఖానలో ఉచితమేనని చూపించి మరీ చెప్పింది.

రెండో బిడ్డ ఎందుకంటే మన దగ్గర అందరూ చెప్పే జవాబు కొడుకు. అది అబద్ధం కాదు. దేవరకొండ, చందంపేట తండాల్లో ఆడపిల్లలను అమ్ముకున్న రోజులు మరీ పాతవేం కాదు. అప్పటి కేసీఆర్ కిట్‌లో మగబిడ్డకు 12,000 ఇస్తే ఆడబిడ్డకు 13,000 రూపాయలు పెట్టిందీ ఆడపిల్లంటే బరువన్న భావం కొంత తగ్గించడానికే. అదీ రెండు కాన్పుల వరకే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో తల్లికి సగటున 1.8 మంది పిల్లలు. ఇద్దరి దగ్గర ఆగడం పల్లెల్లోనూ మామూలైపోయింది. ఆ ఇద్దరి మధ్య ఎంత కాలం, అది దేన్ని బట్టి అని మాత్రం తల్లులను అడిగేవాళ్లు తక్కువ.

ఆ రోజు ఏఎన్‌ఎం అడిగింది. గోడకు ఆనుకొని కూర్చున్న ఒకామెను లేపి నిలబెట్టింది. ఇరవై ఆరేళ్లుంటాయి. పెద్దపాపకు ఏడేళ్లు, బాబుకు పది నెలలు. తమ్ముణ్ని సంకనేసుకొని పెద్దపాప గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. వాడు ఏడవబోతే ఊపుతోంది, జారితే ఎగేసుకుంటోంది. వచ్చేపోయే ఆడవాళ్లు దాని బుగ్గ పుణికి, బుద్ధిమంతురాలని మెచ్చుకుంటున్నారు.

"చూడుండ్రి, ఆరేండ్ల ఎడం! మొదాలు ఆడపిల్ల పుట్టినా తొందరపడలే. ఊరందరికీ ఈమెనే చూపిస్త," అంది ఏఎన్‌ఎం. అందరూ చప్పట్లు కొట్టారు. "నీకెవరు చెప్పిన్రమ్మా ఆగాలెనని? అత్త ఊకున్నదా?"

"ఎవరు చెప్పలే సిస్టరమ్మా. నా పెనిమిటి మేస్త్రీ కింద పూణె పోతడు. అత్తకు కండ్లు కానరావు. పెద్దది పుట్టినంక రెండేండ్లు కూలికి పోలే, ఇంట్లనే కూసున్న. అప్పయింది. మల్ల కంటె మల్ల గదే గదా."

"కరువు పని కాడ పసిపిల్లలు ఐదుగురుంటే చూసేటందుకు ఒక మనిషిని పెట్టాలె. చట్టంల ఉన్నది."

"మా కాడ ఎవ్వరిని పెట్టలే. చెట్టు కింద పండుకోబెడితే చీమలు పట్టె. ఈడ టీచరమ్మనేమో మూడేండ్లు నిండినంకనే కూసోబెట్టుకుంట అనె."

అంగన్‌వాడీ టీచర్ అవునన్నట్టు తలూపింది.

"అందుకని సూది ఏయించుకుంట ఆగిన."

"మంచి పని చేసినవ్. మరి ఇప్పుడెట్ల ధైర్యం చేసినవ్? అప్పు తీరిందా?"

"యాడ తీరింది? ఇది ఎత్తుకునేంతయింది," అని తల్లి గుమ్మం వైపు చూపింది. "మొదాలు ఆడపిల్ల పుట్టుడే నయమైంది సిస్టరమ్మా. మొగపిల్లగాడైతే ఎత్తుకోకపోవు. ఇంకెన్నేండ్లు ఆగుదునో."

పక్క గదిలో ఏడో ఎక్కం మొదలైంది. ఈసారి ఏఎన్‌ఎం అది అయ్యేదాకా ఆగలేదు.

"మరి దీని బడి?"

"బడిల పేరున్నది సిస్టరమ్మా. మనిషి ఈడున్నది."