విపులంగా చర్చించిన మీదట...

గౌరవనీయులైన అధికారి గారికి,

కోవూరు నియోజకవర్గంలోని ఒకానొక పంచాయతీ నుంచి ఒక ఓటరు నమస్కరించి రాసుకునే విన్నపం.

ఊరి పేరు రాయడం లేదు. రాస్తే ముందుగా మా పంచాయతీ కార్యదర్శికి మెమో వస్తుంది. ఆ పిల్లాడికి ఇంటిపన్నులు, సర్వేలు, క్లోరినేషన్ ఫొటోలు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి. తమరి పేరూ రాయడం లేదు. రాస్తే ఈ ఉత్తరానికి తామెందుకు పనికిరామని మిగతా అధికారులు అలిగే ప్రమాదముంది.

స్థానిక వారసత్వాన్ని గౌరవించడానికీ, పాలనలో ప్రజల భాగస్వామ్యాన్ని పెంచడానికీ తమరు మా ఊరికి దయచేసి గ్రామసభ జరిపించినందుకు కృతజ్ఞతలు. షామియానా బాగుంది. మజ్జిగ బాగుంది. ఫ్లెక్సీలో గాంధీ గారు తపాలా బిళ్ళంత ఉన్నా ముఖం పోల్చుకోగలిగాం. సభ కూడా బాగుండేదే, జరిగి ఉంటే.

నాట్ల రోజుల్లో పొద్దున పదకొండింటికి సభ పెడితే ఎవరొస్తారు సార్? దండోరా వేయించలేదు. ముందురోజు రాత్రి వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్, దాని కింద నలుగురి దండాల బొమ్మలు. వచ్చినవాళ్ళలో సగం మంది పింఛను సంగతేదో చెబుతారని వచ్చిన ముసలివాళ్ళు. మిగతా సగం పొదుపు సంఘాల ఆడవాళ్ళు. రాకపోతే లోను ఆగుతుందని వాళ్ళకెవరో చెప్పారట. ఎవరు చెప్పారో తమరికి తెలియదని నేను పూర్తిగా నమ్ముతున్నాను.

మేమింకా కూర్చోకముందే హాజరు పట్టీ తిరిగింది. అట్టకు క్లిప్పు పెట్టి, పైన సంతకాల కాగితం, దాని కింద మరో కాగితం. నాకు పుట్టుకతో ఉన్న రోగం, కింది కాగితం చూడకుండా సంతకం పెట్టలేను. క్లిప్పు ఎత్తి చూశాను. శుభ్రంగా టైపు చేసి ఉంది: 'సభ్యులు విపులంగా చర్చించిన మీదట ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.' అప్పటికి మైకు ఇంకా హలో, వన్, టూ, త్రీ దగ్గరే ఉంది. సభాధ్యక్షుల వారు ఇంకా చెప్పులు విడవలేదు. మేం మాత్రం అప్పటికే విపులంగా చర్చించేసి, ఒకరి మాట ఒకరు ఒప్పుకొని, ఏకగ్రీవమైపోయి ఉన్నాం!

ఏం తీర్మానించాం? ఊరి వారసత్వానికి గుర్తుగా ఊరి మొగదల 'ఐ లవ్' అని, ఎర్ర గుండెకాయ బొమ్మ పెట్టి, పక్కన ఊరి పేరుతో రాత్రిళ్ళు వెలిగే అక్షరాల బోర్డు పెట్టించాలని. సెల్ఫీలు దిగడానికి. వీధిలైట్లు వెలగని ఊళ్ళో అదొక్కటే వెలుగుతుంది కాబట్టి, దానికింద కూర్చుని పిల్లలు చదువుకోవచ్చని మీ ఉద్దేశం కాబోలు.

గిరిజన కాలనీ నుంచి వచ్చిన ఒక పెద్దామె లేచింది. మైకు ఇవ్వలేదు. అవసరమూ లేదు, ఆమె గొంతు కాలవ అవతలికి వినిపిస్తుంది. "ఏంది సామీ, శవాన్ని మోసుకోని మోకాటిలోతు బురదలో పోతా ఉండాం. ఆ బోర్డుకు పెట్టే దుడ్లు మా శ్మశానం దారికి పెట్టకూడదా?" అంది. తమరు చిరునవ్వుతో ఏమన్నారో గుర్తుందా? "ఇది ఈరోజు అజెండాలో లేదమ్మా, సోమవారం గ్రీవెన్స్‌కు వచ్చి అర్జీ పెట్టుకో" అన్నారు. సోమవారం కూలి మానుకుని, ఆటో ఎక్కి, అర్జీ రాసేవాడికి డబ్బులిచ్చి, క్యూలో నిలబడి ఆమె చెప్పాల్సిన మాట, అప్పటికే మీకు చెప్పేసింది! మీ చెవులకే చెప్పింది. మీ చేతిలో పెన్నుంది. రాసుకోవడానికి ఏమడ్డం వచ్చింది?

ఆ తర్వాత కుర్చీలన్నీ ముందుకు జరిపించి, మమ్మల్ని దగ్గరదగ్గరగా కూర్చోబెట్టి, తేదీ, టైము, అక్షాంశ రేఖాంశాలు పడేటట్టు ఫొటో తీశారు. మేం యాడున్నామో ఉపగ్రహానికి కచ్చితంగా తెలిసింది. ఏమన్నామో మాత్రం మీ కాగితంలో లేదు.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. నేను సంతోషించినవాణ్ణే. పెట్టడమే మానేసిన చోట పెట్టడం గొప్పే కదా. అయితే సభ అంటే లెక్కకు వచ్చేదని కింద ఎవరో అర్థం చేసుకున్నట్టున్నారు.

ఇక వారసత్వం. అదేమిటని మీరు మమ్మల్ని అడగలేదు. అయినా చెబుతాను, అజెండాలో లేకపోయినా.

మన జిల్లా మెట్టలో కలిగిరి దగ్గర దూబగుంట ఉంది. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు పుస్తకంలో సీతమ్మ కథ చదివారు. తాగుబోతు మొగుడితో వేగిన ఆడమనిషి కథ అది. చదివి ఊరుకోలేదు. ఇది మన కథే గదా అనుకున్నారు. రోసమ్మ ముందు నడిచింది. సారా అంగడి ఊళ్ళో లేకుండా చేశారు. 1992కల్లా ఆ పోరాటం జిల్లా అంతా పాకింది. సారా వేలంపాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. చివరికి 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బందు. ఆ పుస్తకం వేసింది మీ ప్రభుత్వమే సార్! చదువు చెప్పించిందీ మీ అధికారులే. అప్పుడు ఈ జిల్లాలో మీ కుర్చీల్లాంటి కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఆడవాళ్ళు చదువుకోవాలని ఊరూరూ తిరిగారు. చదువుకుంటే వాళ్ళు ప్రశ్నలడుగుతారని వాళ్ళకు తెలియదనుకోను.

గ్రామసభను రాజ్యాంగంలోకి ఎక్కించిన 73వ సవరణ పార్లమెంటులో నెగ్గింది కూడా 1992 డిసెంబర్‌లోనే. అంటే ఢిల్లీలో చట్టం కాకముందే మావాళ్ళు సభ జరిపేశారు. వాళ్ళకు షామియానా లేదు. హాజరు పట్టీ అసలే లేదు. రోసమ్మ ఆరోజు 'ఇది అజెండాలో లేదు' అన్న మాట విని ఇంటికెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. అట్లాంటి ఆడవాళ్ళ మనవరాళ్ళను మీరు లోను ఆగిపోతుందని బెదిరించి కుర్చీల్లో కూర్చోబెట్టారు.

పల్లిపాడు వెళ్ళారా ఎప్పుడైనా? ఇందుకూరుపేట మండలమే, పెన్న ఒడ్డున. పొణకా కనకమ్మ గారు ఇచ్చిన నేల, దక్షిణాఫ్రికా నుంచి రుస్తుంజీ అనే పార్సీ వర్తకుడు పంపిన డబ్బు, దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య గార్ల కష్టం. 1921 ఏప్రిల్ 7న గాంధీ గారే వచ్చి పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం తెరిచారు. మీ ఫ్లెక్సీలో తపాలా బిళ్ళంత ఉన్నాడే, ఆయనే. విడవలూరు మండలంలో అలగానిపాడు. సుందరయ్య పుట్టిన ఊరు. ఆస్తిపరుల ఇంట పుట్టి, పేరు చివరి రెడ్డిని వదిలేసి, సొంత ఊళ్ళో వ్యవసాయ కూలీలను కూడగట్టాడు. సైకిలు మీద పార్లమెంటుకు వెళ్ళినవాడిగా దేశమంతా చెప్పుకుంటారు. కూలి గురించి కూలివాళ్ళే నోరు తెరవాలన్నవాడిగా మా పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. బుచ్చిరెడ్డిపాళెం బెజవాడ గోపాలరెడ్డి గారైతే 1955లో ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రే అయ్యారు. ఇక కోవూరు పక్కనే పాటూరు. తిక్కన సోమయాజి మా వాడేనని అక్కడివాళ్ళు ఒట్టేసి చెబుతారు. రాజ్యం పోయిన మనుమసిద్ధి తరఫున ఆయన ఓరుగల్లు దాకా వెళ్ళి గణపతిదేవుణ్ణి ఒప్పించి వచ్చాడని కథ. ఆ కవిగారి గడ్డ మీద పుట్టి మేం మండలాఫీసులో కిటికీ అవతలి మనిషిని ఒప్పించలేకపోతున్నాం. పాటూరు మగ్గాల సంగతీ, మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ సంగతీ, కాలవలో పేరుకున్న గుర్రపుడెక్క సంగతీ ఇప్పుడెత్తను. ఎత్తితే మీరు నన్నూ సోమవారం రమ్మంటారు.

చూశారా, వీళ్ళెవరూ ఒక్కచోట కూడా 'ఏకగ్రీవంగా' ఒప్పుకున్నవాళ్ళు కారు. అందరూ అడ్డం మాట్లాడినవాళ్ళే. వాళ్ళ పేరు చెప్పి సభ పెట్టి, అడ్డం మాట్లాడిన పెద్దామెను కూర్చోమన్నారు!

కోపంగా రాశాను. క్షమించమనడం లేదు గానీ, ఇక కోపం పక్కనపెట్టి అడుగుతున్నాను సార్. వచ్చేసారి సభ సాయంత్రం పెట్టండి, మనుషులు పొలం నుంచి వచ్చాక. రెండు రోజుల ముందు దండోరా వేయించండి, అజెండా పంచాయతీ గోడకు అంటించండి. తీర్మానం సభ అయ్యాక రాయండి, ముందు కాదు. రాసింది మైకులో చదివి వినిపించండి. మజ్జిగ వద్దు, కుర్చీలూ వద్దు, కింద కూర్చుంటాం. ఆ పెద్దామె మాట ఒక్క వాక్యం రాయండి చాలు. నిధులు లేవంటే లేవనే రాయండి, ఆమె అడిగిందని మాత్రం రాయండి. వానలు పడేలోపు దారికి నాలుగు ట్రాక్టర్ల గ్రావెల్ తోలించినా సరిపోతుంది. మీ బోర్డు మాకొద్దు సార్. ఊరంటే మాకు ప్రేమే, దాన్ని లైట్లు వేసి చెప్పక్కర్లేదు.

ఇట్లు,
తమ పరిధిలోని ఒక ఓటరు

తా.క.: ఆ హాజరు పట్టీలో నా పేరెదురుగా సంతకం కనిపిస్తే అది నాది కాదు. నేను పెట్టలేదు.