ఎదురు డబ్బిచ్చి సేవ

కూలికి వెళ్ళినవాడు పొద్దుగూకగానే డబ్బులడుగుతాడు. విదేశాలకు సేవకు వెళ్ళేవాడు ముందే డబ్బు కట్టి, రసీదు పుచ్చుకుని, ఆ తర్వాతే పనిలోకి దిగుతాడు. ప్యాకేజీలో బస, భోజనం, ఎయిర్‌పోర్టు నుంచి కారు, ఆదివారం అడవిలో షికారు అన్నీ ఉంటాయి. మధ్యలో పేదవాళ్ళు కూడా ఉంటారు. ఇప్పుడు బేరమంతా ఒక్కటే: ఇదే సేవ ఇంకాస్త చవగ్గా ఎక్కడ దొరుకుతుంది?

ఇంతకీ పనేమిటంటే, చాలాసార్లు గోడ కట్టడం. టాంజానియాలో ఒక అనాథాశ్రమానికి గ్రంథాలయం కట్టిపెడదామని అమెరికా హైస్కూలు పిల్లలు వెళ్ళారు. పగలంతా మాలు కలిపి ఇటుకలు పేర్చేవారు. రాత్రయ్యాక ఊళ్ళో మేస్త్రీలు వచ్చి ఆ వంకర వరసలన్నీ ఊడదీసి, తిన్నగా కట్టి, తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు ఊరుకునేవారు. వెళ్ళినవాళ్ళలో ఒకామే 2014లో ఈ సంగతి రాసుకుంది. అంత డబ్బూ ఆ మేస్త్రీల చేతిలోనే పెట్టి ఉంటే పని ఒక్కసారిలో అయిపోయేది. మరి ఫొటోలో నిలబడేదెవరు?

గోడలైతే నయం, ఊడదీసి మళ్ళీ కట్టొచ్చు. కంబోడియాలో పిల్లల మీద పడ్డారు. జనాన్ని పొట్టనపెట్టుకున్న నియంత పోల్ పాట్ పీడ 1979లోనే విరగడైంది. అదయ్యాక పాతికేళ్ళకు, అంగ్‌కోర్ వాట్ చూడటానికి యాత్రికులు బారులు తీరుతున్న రోజుల్లో, అనాథాశ్రమాలు పెరగడం మొదలెట్టాయి. 2005 నుంచి 2010 లోపు 75 శాతం పెరిగాయి! 2011లో అక్కడి ప్రభుత్వమూ యునిసెఫ్ కలిసి ఆరా తీస్తే, ఆ పిల్లల్లో దాదాపు నలుగురిలో ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. చదువు చెప్పిస్తామని, మూడు పూటలా అన్నం పెడతామని పల్లెల్లో కన్నవాళ్ళను ఒప్పించి తెచ్చిన పిల్లలు వాళ్ళు. గిరాకీ ఉంటే సరుకు తెప్పించడం కొట్టు నడిపేవాడి ధర్మం కదా.

వ్యాను ఆగీ ఆగగానే పిల్లలు పరుగెత్తుకొచ్చి మెడ చుట్టూ చేతులేస్తారు. "ఎంత ప్రేమో!" అని వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. ముక్కూమొహం తెలియని మనిషి ఒళ్ళోకి ఓ పిల్ల ఎక్కి కూర్చోవడం మన వీధిలో చూస్తే, ఇంట్లో ఏదో తేడా ఉందని కంగారుపడతాం. అక్కడ చూస్తే స్టేటస్ పెడతాం. రెండు వారాలకు ఈ అక్క వెళ్ళిపోతుంది. సోమవారం ఇంకో అక్క దిగుతుంది. మళ్ళీ ఏ, బీ, సీ, డీ దగ్గర్నుంచి మొదలు.

నిజంగా చవకే కావాలంటే దారి లేకపోలేదు. 1971లో ఇంగ్లండులో మొదలైన వూఫ్ పద్ధతిలో రైతు ఇంట్లో తిని, అక్కడే పడుకుని, బదులుగా కలుపు తీయొచ్చు. చేలో కలుపు పోతుంది, మీ కడుపు నిండుతుంది, ఎవరూ ఎవర్నీ ఉద్ధరించరు. లేదూ, అమెరికా 1961లో పెట్టిన పీస్ కోర్ పద్ధతి ఉంది. ముందు ఆ ఊరి భాష నేర్పి, రెండేళ్ళు అక్కడే ఉంచి, ఖర్చులు ప్రభుత్వమే భరిస్తుంది. రెండేళ్ళా? అమ్మో, సెలవు దొరకద్దూ!

మళ్ళీ ప్యాకేజీల దగ్గరికే వస్తే, నేపాల్‌లో టూరిస్టు వీసా మీద జీతం లేని పనైనా చేయకూడదు. అందుకని కొందరు ఏజెంట్లు ముందే నేర్పి పంపుతారు: "ఖాట్మండూ కౌంటరులో సేవ గీవ అనకండి, ఊరు చూడటానికి వచ్చామనండి." అబద్ధమాడాల్సి వచ్చిందే అని పాపం వెళ్ళినవాళ్ళు నొచ్చుకుంటారు. ప్యాకేజీ మొత్తంలో నిజం అదొక్కటే.